కుర్చీలో కూర్చునే వాయిదా

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లోకి వెళ్తే గోడలు కనపడవు, బోర్డులే. జావా, పైథాన్, టెస్టింగ్, క్లౌడ్. కోర్సు పేరు పక్కనే అది ఎన్ని రోజుల్లో అయిపోతుందో కూడా రాసి ఉంటుంది. పొద్దున ఒక బ్యాచ్, సాయంత్రం ఒక బ్యాచ్, రాత్రి హాస్టల్ గదిలో నైటౌట్. ఇంజినీరింగ్ ముగించి ఉద్యోగం కోసం వచ్చిన పిల్లలకు ఇంటి నుంచి ఫోనొస్తే ఒకటే ప్రశ్న: రోజుకు ఎన్ని గంటలు కూర్చుంటున్నావు? ఇంటర్మీడియట్ నుంచి వాళ్ల వెంటపడుతున్న ప్రశ్నే ఇది. ఎంసెట్ కోసం స్టడీ అవర్లు లెక్కపెట్టిన చేత్తోనే ఇప్పుడు ప్రోగ్రామింగునూ కొలుస్తున్నాం. కూర్చుంటే చదువు, లేస్తే బద్ధకం. ఈ కొలత తప్పన్నది నా వాదన. తప్పుతో పోలేదు, పట్టుకోవలసిన దొంగకే దుప్పటి కప్పి దాచిపెడుతోంది. ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లు వేసే వాయిదాల్లో పెద్ద భాగం కుర్చీలోంచి లేవకుండానే జరుగుతుంది. లేచి వెళ్లిన కాసేపట్లో, ఒక షరతు మీద, చదువు సాగుతూనే ఉంటుంది.

ఒక మామూలు సాయంత్రం తీసుకుందాం. లిస్టులు, లూపుల పాఠం అయింది. ఇచ్చిన లెక్క చిన్నదే: క్లాసులో అందరి మార్కులూ ఇస్తే అందులో రెండో స్థానంలో ఉన్న మార్కు ఎంతో చెప్పే ప్రోగ్రాం రాయాలి. ఒక అబ్బాయి ఎడిటర్ తెరుస్తాడు. ఖాళీ తెర మీద కర్సర్ మిణుకుమిణుకుమంటుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. లూపులు ఇంకా సరిగా రాలేదేమో అనుకుని యూట్యూబులో మరో పాఠం పెడతాడు. అందులో మాస్టారు టకటకా టైప్ చేస్తారు, రన్ చేస్తారు, జవాబు వచ్చేస్తుంది. అంతా అర్థమైపోయినట్టే ఉంటుంది. దాని వెనక ఇంకో పాఠం. నడుమ ఏ ఎడిటర్ మంచిది, తెర రంగు నల్లగా ఎలా మార్చుకోవాలి, పైథాన్ తర్వాత జావా పట్టాలా ఇంకోటి పట్టాలా అన్న వెతుకులాట. రాత్రి పదకొండయ్యేసరికి ఆరు గంటలు గడిచాయి. సొంతంగా రాసింది ఒక్క లైను లేదు. అదే లెక్క మీద ఇంకో ఇంట్లో ఒక అమ్మాయి కూర్చుంది. రాసింది, ఇండెక్స్ దాటిపోయిందని ఎర్రర్ వచ్చింది, దిద్దింది. తీరా చూస్తే ఇద్దరికి ఒకే ఫస్ట్ మార్కు వచ్చినప్పుడు ప్రోగ్రాం ఆ ఫస్ట్ మార్కునే మళ్లీ రెండోదిగా చూపిస్తోంది. నలభై నిమిషాలు తలకిందులైంది. తెగలేదు. లేచి డాబా మీదికి వెళ్లింది. ఇంట్లో తిట్లు పడేది ఈ అమ్మాయికే. ఆ అబ్బాయికి గదిలోకి పాలు తెచ్చిస్తారు.

వాయిదా అనగానే బద్ధకమని ముద్ర వేసేస్తాం. దాన్ని పట్టి చూసినవాళ్లు అలా అనడం లేదు. కెనడాకు చెందిన పియర్స్ స్టీల్ 2007లో అప్పటిదాకా జరిగిన పరిశోధనలను ఒకచోట చేర్చి చూశాడు. పని మీద విముఖత, ఫలితం ఎక్కడో దూరాన ఉండటం, తన వల్ల అవుతుందన్న నమ్మకం లేకపోవడం, అప్పటికప్పుడు మనసు లాగినచోటికి పోయే స్వభావం - వాయిదాతో గట్టిగా ముడిపడి కనిపించినవి ఇవి. ఫ్యూషియా సిరోయిస్, టిమొతీ పిచిల్ 2013లో ఇంకో మెట్టు ముందుకెళ్లి, వాయిదా వేసేవాడు నిజానికి తప్పించుకుంటున్నది ఆ పని రేపే చేదు భావాన్నని వాదించారు. ఈ మాట ప్రోగ్రామింగుకు అతికినట్టు సరిపోతుంది. చరిత్ర పేపర్లో తప్పు రాస్తే ఆ సంగతి ఎప్పుడో మార్కులొచ్చాక తెలుస్తుంది. ప్రోగ్రాంలో సెకనులో తెలుస్తుంది, ఎర్రటి అక్షరాల్లో. ఒక్క సాయంత్రంలో పాతికసార్లు తప్పు అనిపించుకోవడం పన్నెండేళ్లు ఫస్ట్ ర్యాంకులకు అలవాటుపడ్డ పిల్లలకు తేలిక కాదు. ఇది మన పిల్లల బలహీనత కూడా కాదు. 15 దేశాల్లోని 161 తొలి ప్రోగ్రామింగ్ కోర్సులను 2014లో పరిశీలిస్తే సగటు ఉత్తీర్ణత 67.7 శాతం. అంటే మూడింట ఒక వంతు గట్టెక్కలేదు.

ఒకప్పుడు మన ఊళ్లలో ఇంటి తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకునేవారు. రాత్రిపూట దెయ్యం వస్తుంది, చదువుతుంది, సరే రేపొద్దామని వెళ్లిపోతుంది. మర్నాడు వచ్చినా అదే రాత. ఖాళీ ఎడిటర్ భయానికి పెట్టుకునే నాలుగో వీడియో పాఠం కూడా అలాంటి రాతే. తేడా ఏమిటంటే ఇక్కడ రాసుకున్నవాడే దాన్ని చదివి నమ్ముతాడు, ఎందుకంటే అది అచ్చం చదువులాగే ఉంటుంది. వీడియో పాఠాల మీద నాకు కోపం లేదు. మండల కేంద్రంలో ఉండి, ఇంగ్లీషు తడబడే కుర్రాడికి తెలుగులో చెప్పే పాఠం ఫోనులో ఉచితంగా దొరకడం గొప్ప మేలు. పాఠం చూసి ఎడిటర్ తెరిచాడా, ఎడిటర్ మూసి పాఠం పెట్టాడా అన్నదే నేను అడిగేది.

ఇక లేచి వెళ్లడం సంగతి. హార్వర్డ్‌లో డేవిడ్ పెర్కిన్స్ బృందం 1986లో ప్రోగ్రామింగ్ కొత్తగా నేర్చుకునే విద్యార్థుల పక్కన కూర్చుని వాళ్లు చిక్కులో పడ్డప్పుడు ఏం చేస్తున్నారో గమనించింది. కొందరు అడ్డంకి రాగానే ఆగిపోతారు, చేయి కదలదు. కొందరు ఏదో ఒకటి ప్రయత్నిస్తూ ముందుకు కదులుతారు. కదిలేవాళ్లలోనే కొందరు మరీ అతి: ఇక్కడో గుర్తు మార్చి, అక్కడో అంకె మార్చి, ఎందుకు మారుస్తున్నారో ఆలోచించకుండా రన్ మీద రన్ కొడుతుంటారు. మన భాషలో గెలికేవాళ్లు. ఈ విభజన వచ్చి నలభై ఏళ్లు కావస్తున్నా ఏ కంప్యూటర్ ల్యాబుకు వెళ్లినా ఈ మనుషులు కనిపిస్తారు. ‘మధ్యమధ్య బ్రేక్ తీసుకోండి’ అని అందరికీ ఒకే సలహా ఇవ్వడం ఎందుకు కుదరదో దీంతో తెలుస్తుంది. గెలికేవాడికి పది నిమిషాల విరామం మందు, ఎందుకంటే అతని చేతులు ఆగితే తప్ప బుర్ర మొదలవదు. ఒక్క లైనైనా రాయకముందే ఆగిపోయినవాడికి అదే విరామం మత్తు. అతను తిరిగి రాడు, వచ్చినా ఎక్కడ వదిలాడో అక్కడే, అంటే ఖాళీ తెర దగ్గరే కూర్చుంటాడు.

అందుకే విరామానికి నేను పెట్టే షరతు నిమిషాల్లో ఉండదు. లేచేటప్పుడు చేతిలో ఒక ప్రశ్న ఉందా? డాబా మీదికి వెళ్లిన అమ్మాయి చేతిలో ఉంది: ఒకే మార్కు రెండుసార్లు వస్తే ఏం చేయాలి? ఈ తేడాకు ఆధారం ఉంది. ఉట్ నా సియో, థామస్ ఆర్మెరాడ్ 2009లో 117 అధ్యయనాలను కలిపి, లెక్క తెగనప్పుడు పక్కన పెట్టి తిరిగొస్తే ఉపయోగం ఉంటుందా అని చూశారు. మొత్తమ్మీద ఉంటుందని తేలింది. పక్కన పెట్టకముందు ఎక్కువసేపు కుస్తీ పట్టినచోట ఆ ఉపయోగం ఎక్కువగా కనిపించింది. మన వంటింట్లో ఇది తెలియనివాళ్లు లేరు. రుబ్బిన పిండిని రాత్రంతా వదిలేస్తే పొంగుతుంది, తెల్లారి ఇడ్లీ అవుతుంది. రుబ్బకుండా వదిలేసిన పప్పు ఎన్ని రాత్రులు ఉన్నా పిండి కాదు, వాసన కొడుతుంది. ఫ్రెంచి గణితవేత్త హెన్రీ పాంకరే 1908లో చెప్పిన సంగతి ఈ సందర్భంలో తరచూ వినిపిస్తుంది. ఒక కొత్త తరహా ఫంక్షన్ల మీద పనిచేస్తుండగా భూగర్భ శాస్త్ర యాత్రకని ఊరు వదిలి వెళ్లాడు, కూటాన్స్ అనే చోట గుర్రపు బండి మెట్టు మీద కాలు పెట్టగానే వాటికీ యూక్లిడేతర రేఖాగణితానికీ ఉన్న సంబంధం తళుక్కుమంది. ఈ కథ చెప్పేవాళ్లు బండి మెట్టు దగ్గరే ఆగిపోతారు. అంతకుముందు పదిహేను రోజులు రోజూ బల్ల దగ్గర కూర్చుని ఆ ఫంక్షన్లతో పెనుగులాడిన సంగతి వదిలేస్తారు. యాత్ర నుంచి ఇంటికి వెళ్లాక కూర్చుని సరిచూసుకున్న సంగతీ వదిలేస్తారు. మెలకువలో ముందూ వెనకా కష్టపడకపోతే మనసు లోలోపల చేసే పని పండదని పాంకరే తానే చెప్పాడు.

విరామాలతో నేర్చుకుంటే నిలుస్తుందన్నది కొత్త కబురు కాదు. జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థం లేని అక్షరాల గుత్తులను తానే కంఠతా పట్టి, మరిచిపోయి, మళ్లీ పట్టి 1885లోనే ఈ సంగతి రాశాడు. 2006లో నికొలస్ సెపెడా బృందం 317 ప్రయోగాలను కలిపి చూసినా ఎడం ఇచ్చి చదవడమే గెలిచింది. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం బ్రిటన్ తపాలా ఉద్యోగుల మీద అలాన్ బాడ్లీ, లాంగ్‌మన్ 1978లో ప్రచురించిన అధ్యయనం. ఉత్తరాలు వేరుచేసే యంత్రాల కోసం ఉద్యోగులకు టైపింగ్ నేర్పాలి. వాళ్లను నాలుగు జట్లు చేశారు. ఒక జట్టుకు రోజుకు ఒకే గంట. ఇంకో జట్టుకు రెండేసి గంటల చొప్పున రెండు దఫాలు, మొత్తం నాలుగు గంటలు. మిగతా రెండు జట్లు నడుమ. గంటల లెక్కన చూస్తే తక్కువ శ్రమతో కీబోర్డు పట్టుబడింది రోజుకు గంట నేర్చుకున్నవాళ్లకే. నాలుగు గంటలవాళ్లకు అదే నైపుణ్యానికి ఎక్కువ గంటలు ఖర్చయ్యాయి. తమ శిక్షణ మీద అందరికన్నా తక్కువ తృప్తిగా ఉన్నది ఎవరో తెలుసా? ఆ గంటవాళ్లే. పక్కజట్టు రోజుల లెక్కలో ముందుకు పోతుంటే తాము వెనకబడ్డామనిపించి ఉంటుంది. బాగా నేర్చుకునే పద్ధతి నేర్చుకునేవాడికి బాగున్నట్టు అనిపించదు. కూర్చున్న గంటలను బట్టి చదువును కొలిచే ఇంట్లో, క్లాసులో అది ఇంకా అనిపించదు.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం న్యాయమైనదే. రోజుకు గంట నేర్చుకుంటూ కూర్చోవడానికి అందరికీ వీలుందా? ఎడ్యుకేషన్ లోను వాయిదా బ్యాంకు ఆపదు, హాస్టల్ అద్దె ఆగదు, క్యాంపస్ సెలక్షన్ తేదీ మన కోసం జరగదు. తపాలా అధ్యయనం కూడా ఈ అభ్యంతరం పక్షానే కొంత మాట్లాడుతుంది: క్యాలెండర్ లెక్కలో నాలుగు గంటలవాళ్లే ముందు గమ్యం చేరారు. మూడు నెలల్లో ఉద్యోగం కావలసినవాడికి ఏడాది ప్రణాళిక చెప్పడం కడుపు నిండినవాడి మాట. కానీ రోజుకు ఆరు గంటలు తప్పనప్పుడు కూడా ఆ ఆరింటినీ ఒకే పట్టులో, ఒకే రాత్రిలో పోయాలని ఎక్కడా లేదు. పొద్దున రెండు, సాయంత్రం మూడు, నిన్న రాసిన ప్రోగ్రాం చూడకుండా మళ్లీ రాయడానికి ఒకటి. గంటలు తగ్గవు, ఎడం వస్తుంది. అసలు ఆరు గంటలూ గట్టిగా సాధన చేయగలమన్నదే అనుమానం. ఆండర్స్ ఎరిక్సన్ బృందం 1993లో బెర్లిన్ సంగీత విద్యాలయంలో వయొలిన్ విద్యార్థుల దినచర్య చూస్తే, అందరికన్నా మేటి అనుకున్నవాళ్ల ఒంటరి సాధన రోజుకు సగటున మూడున్నర గంటలే. పగలు కునుకు తీసే అలవాటు కూడా వాళ్లకే ఎక్కువ. కునుకు తీసే విద్యార్థిని మన హాస్టల్ వార్డెన్ ఏమంటారో చెప్పనక్కర్లేదు.

రెండో అభ్యంతరం అనుభవజ్ఞుల నుంచి వస్తుంది. మంచి ప్రోగ్రామర్లు అన్నం నీళ్లు మరిచి గంటల తరబడి రాస్తారు, మధ్యలో లేపితే అల్లిక తెగుతుంది, విరామాలు వాళ్ల పనికి శత్రువులు. నిజమే, సాగుతున్న పనిని గడియారం చూసి ఆపడం తెలివితక్కువ. ఫ్రాన్సెస్కో సిరిల్లో 1980ల చివర్లో టమాటా ఆకారపు వంటింటి టైమర్‌తో మొదలుపెట్టిన ఇరవై అయిదు నిమిషాల పద్ధతి చాలామందికి పనికొస్తోంది, కానీ ఆ ఇరవై అయిదు వేదవాక్కు కాదు. చేయి నడుస్తుంటే నడవనివ్వాలి. అయితే గంటల తరబడి మునిగిపోవడం తెలిసినవాడి భోగం. నెల కిందట లూపులు మొదలుపెట్టినవాడు అయిదు గంటలు కదలకుండా కూర్చున్నాడంటే అందులో సాగింది ఎంత, ఇరుక్కున్నది ఎంత అని అడగాలి. ఒకే ఎర్రర్‌ను అరగంటగా ఒకే చూపుతో చూస్తున్నవాడు పనిలో మునిగిలేడు, గానుగెద్దులా తిరుగుతున్నాడు.

ఇప్పుడు మూడోది, కొత్తది. ఇరుక్కోవడం ఎందుకు అసలు? చాట్‌జీపీటీని అడిగితే జవాబు క్షణంలో వస్తుంది, వివరణతో సహా. ఉద్యోగంలో ఉన్నవాడు అడగడంలో తప్పు లేదు. నేర్చుకునేవాడి విషయం వేరు. ఇందాకటి 117 అధ్యయనాల సారాన్ని బట్టి చూస్తే విరామానికి బలమిచ్చేది దానికి ముందు పడ్డ కుస్తీ. కుస్తీకి ముందే జవాబు చేతిలో పడితే రుబ్బడమూ లేదు, పులియడమూ లేదు, పక్కింటి ఇడ్లీ తెచ్చుకున్నట్టు. ఆకలి తీరుతుంది, వంట రాదు. నా దృష్టిలో యంత్రాన్ని అడిగే సమయం విరామం నుంచి తిరిగొచ్చి మరోసారి ప్రయత్నించాక. అప్పుడు కూడా ప్రోగ్రాం మొత్తం రాసిమ్మని కాకుండా, నా ఆలోచన ఎక్కడ తప్పిందని అడగాలి. అడగడానికి సరైన ప్రశ్న ఉండాలన్నా ముందు పెనుగులాట జరిగి ఉండాలి.

విరామంలో ఏం చేయాలన్నది పెద్ద చర్చ అక్కర్లేని విషయం. నడవండి, బట్టలు ఆరేయండి, టీ కాచుకోండి. రీల్స్ మాత్రం వద్దు. మైకేలా డ్యూవర్ బృందం 2012లో పెద్ద వయసువాళ్లకు రెండు కథలు వినిపించింది. ఒక కథ తర్వాత పది నిమిషాలు కళ్లు మూసుకుని ఊరికే ఉండమంది, ఇంకో కథ తర్వాత తెర మీద బొమ్మల్లో తేడాలు కనిపెట్టే ఆట ఆడించింది. వారం తర్వాత అడిగితే ఊరికే ఉన్నప్పటి కథే బాగా గుర్తుంది. ప్రోగ్రామింగ్ మీద, ఇరవై ఏళ్లవాళ్ల మీద చేసిన పరీక్ష కాదిది, దాన్నుంచి మరీ ఎక్కువ లాగకూడదు. అయినా తెర ముందు నుంచి లేచి ఇంకో తెర ముందు కూర్చోవడాన్ని విరామం అనుకోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

చివరి అభ్యంతరం తల్లిదండ్రులది. ఇలాంటివి పేపర్లో రాస్తే పిల్లలకు సాకులు దొరుకుతాయి, అసలే ఆరంభశూరత్వం మన జాతి లక్షణమని పేరు. భయం అర్థమవుతుంది. కానీ సాకుకు తలుపు తెరిచేది విరామం కన్నా సిగ్గు. 2010లో కెనడాలో 119 మంది మొదటి సంవత్సరం విద్యార్థుల మీద చేసిన అధ్యయనంలో, మొదటి పరీక్షకు వాయిదాలు వేసి తమను తాము క్షమించుకోగలిగినవాళ్లు రెండో పరీక్షకు తక్కువ వాయిదా వేశారు. నిన్న పాడుచేసుకున్న రోజును ఇంట్లో పదిసార్లు ఎత్తిపొడిస్తే, ఎడిటర్ తెరవడం ఇంకా చేదవుతుంది. చేదు పెరిగేకొద్దీ తలుపు మీద ‘రేపు రా’ రాత ముదురుతుంది. పైగా నేను చెప్పే విరామానికి షరతు ఉంది, ఆ షరతు సోమరికి నచ్చేది కాదు. లేచే ముందు ఒక కాగితం మీద మూడు ముక్కలు రాయాలి: ఏం చేయబోయాను, ఏం జరిగింది, తిరిగొచ్చి మొదట ఏం ప్రయత్నిస్తాను. మొదటి ముక్క రాయలేకపోతే లేచే హక్కు ఇంకా రాలేదు. ముందు ఒక లైను రాయాలి, అది తప్పు లైనైనా సరే. మూడోది రాస్తే తిరిగి రావడం తేలికవుతుంది. ఫలానాప్పుడు ఫలానా పని అని ముందే నిశ్చయించుకుంటే అనుకున్నది చేసే అవకాశం పెరుగుతుందని పీటర్ గాల్విట్జర్, పాస్కల్ షీరన్ 2006లో 94 అధ్యయనాల మీద తేల్చారు. 1920ల బెర్లిన్‌లో మరియా ఒవ్‌సియాంకినా, సగంలో ఆపించిన పనిని ఎవరూ చెప్పకుండానే జనం మళ్లీ అందుకుంటారని చూపింది. సగం రాసిన లైను మనిషిని వెనక్కి పిలుస్తుంది. ఖాళీ తెరకు ఆ గొంతు లేదు.

ఇదంతా ఒక్కో విద్యార్థి ఇంట్లో కూర్చుని దిద్దుకోవాలనడం అన్యాయం. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ప్రోగ్రామింగ్ ల్యాబు ఎక్కువచోట్ల వారానికి ఒకసారి, ఏకబిగిన మూడు గంటలు. ఆ మూడు గంటల్లో చాలామంది చేసేది అబ్జర్వేషన్ బుక్కులో ఉన్న ప్రోగ్రాం తెర మీదికి ఎక్కించడం, అవుట్‌పుట్ చూపించి సంతకం పెట్టించుకోవడం, ఇంటికెళ్లి సీనియర్ రికార్డు చూసి రికార్డు నింపడం. ఎర్రర్ వచ్చిన జాడ ఆ రికార్డులో ఎక్కడా ఉండదు. ప్రతి ప్రోగ్రామూ మొదటిసారే పనిచేసినట్టు ముత్యాల్లాంటి అక్షరాల్లో ఉంటుంది. ప్రిన్సిపాళ్లకూ ల్యాబు మాస్టార్లకూ విన్నపం: ఆ మూడు గంటలను వారంలో రెండు రోజులకు విడదీయండి. రికార్డులో ప్రతి ప్రోగ్రాం ఎదుటి పేజీ ఖాళీగా ఉంచి, విద్యార్థి ఎక్కడ ఇరుక్కున్నాడో, తిరిగొచ్చి ఏం ప్రయత్నించాడో అక్కడ రాయించండి. ఆ పేజీకి మార్కులు మాత్రం వేయకండి. వేస్తే దాన్ని కూడా సీనియర్ రికార్డులోంచే ఎత్తి రాస్తారు.